కర్రీ పాయింట్: తీరిక లేని ఇంటికి ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి వైపు సాయంత్రం ఏడు దాటాక ఏ సందులోకి తిరిగినా ఒక కర్రీ పాయింట్ తగులుతుంది. ముందు అద్దాల కౌంటర్, దాని వెనక వరసగా స్టీలు గిన్నెలు, పక్కన దారంతో మూతి బిగించిన సాంబారు కవర్లు. కూర్చోవడానికి కుర్చీ ఉండదు, మెనూ కార్డు అసలే ఉండదు. గోడకు తగిలించిన పలక మీద ఆ పూట కూరల పేర్లు చాక్‌పీసుతో రాసి ఉంటే గొప్పే. అన్నం ఇంట్లో వండుకోండి, కూర మేమిస్తాం, అంతే ఏర్పాటు. విజయవాడలోనూ విశాఖలోనూ ఇదే పద్ధతి.

ఇక్కడ చూస్తున్నది ఫలానా దుకాణాన్ని కాదు, ఈ సేవనే. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో ఇల్లు చేరే కుటుంబానికి ఇది కలిసొస్తుందా, ఎక్కడ దెబ్బ కొడుతుంది, ఇంటికి నలుగురు వస్తే పనికొస్తుందా అన్నదే ప్రశ్న. రుచికి ఐదులో మూడు ఇవ్వొచ్చు. డబ్బుకు నాలుగు. ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని తినే అలవాటు పోకుండా కాపాడుతుంది కాబట్టి ఆ ఒక్క విషయంలో నాలుగున్నర. అయితే ఈ మార్కులన్నీ తెలిసి కొనేవాళ్లకే. తెలియకుండా కొంటే రుచీ పోతుంది, డబ్బూ పోతుంది.

ముందు లెక్క చూద్దాం. ధరలు పేటపేటకూ మారతాయి కాబట్టి మధ్యస్థంగా ఒక ఉదాహరణ. ఇద్దరికి ఒక పూట: కూర ప్యాకెట్ 40, పప్పు 30, ఒక గ్లాసు అంటే 200 గ్రాముల బియ్యం 12, పెరుగు 20. మొత్తం 102 రూపాయలు. నెలలో 22 పనిదినాలు అనుకుంటే 2,244. అదే డెలివరీ యాప్‌లో 180 చొప్పున రెండు భోజనాలు తెప్పిస్తే 360. ప్యాకింగ్ 20, ఈ రెండింటి మీద 5 శాతం జీఎస్టీ 19, డెలివరీ 30, ప్లాట్‌ఫామ్ ఫీజు 12, ఆ రెండు ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ మరో ఏడున్నర. 449 దగ్గర తేలుతుంది. 22 రాత్రులకు 9,878. తేడా ఏడున్నర వేల పైమాటే.

ఆ చిన్న చిన్న ఫీజులను తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో స్విగ్గీ, జొమాటో రెండూ ప్లాట్‌ఫామ్ ఫీజు మొదలుపెట్టినప్పుడు ఆర్డరుకు 2 రూపాయలే. రెండేళ్లు తిరిగేసరికి పది దాటింది. పైగా యాప్‌లో కనిపించే భోజనం ధర చాలాచోట్ల హోటల్ కౌంటర్ ధర కంటే ఎక్కువ ఉంటుంది. హోటల్ వాళ్లు యాప్‌కు కట్టే కమిషన్ అందులోనే కలిసి ఉంటుంది మరి. కర్రీ పాయింట్ల కూరలు కూడా ఇప్పుడు యాప్‌లలో దొరుకుతున్నాయి. అలా తెప్పించుకుంటే ఈ పద్ధతిలో ఉన్న లాభం మొత్తం పోయినట్టే. నలభై రూపాయల కూర మీద నలభై రూపాయల ఖర్చులు పడతాయి.

అన్నీ ఇంట్లోనే వండుకుంటే? కూరగాయలు, పప్పు, నూనె, గ్యాస్ కలిపి పై రెండు వంటకాలకు 35 దాకా అవుతుంది. బియ్యం, పెరుగు మామూలే. పూటకు 67. అంటే కూరల వరకే చూస్తే కర్రీ పాయింట్ రెట్టింపు ధర, కానీ నెల మొత్తానికి తేడా 770 రూపాయలే. రోజుకు ముప్పావు గంట చొప్పున 22 రోజులకు పదహారున్నర గంటలు మిగులుతాయి. గంటకు 47 రూపాయలు పెట్టి తీరికను కొంటున్నట్టు. ఆ తీరికను ఫోను చూస్తూ గడిపేస్తే అది వేరే సంగతి.

ఇక అసలు కిటుకు. ఏది కొనాలి, ఏది కొనకూడదు అన్నది తెలిస్తే ఆ 770 కూడా సగానికి దిగుతుంది. కోత పని ఉన్న కూర కొనండి, ఉడుకు పని ఉన్నది ఇంట్లో పెట్టండి. దొండకాయ వేపుడు తీసుకోండి. పావుకిలో దొండకాయలు సన్నగా చక్రాలు తరగడానికే పావుగంట, వేగడానికి ఇంకో అరగంట. గోరుచిక్కుడు ఈనెలు తీయడం, కాకరకాయ చేదు పిండడం, గుత్తి వంకాయకు మసాలా నూరడం, అరటిపువ్వు ఒలవడం, ఇవన్నీ రాత్రి తొమ్మిదింటికి ఎవరి వల్లా కాదు. వీటికి నలభై రూపాయలు పెట్టొచ్చు. పప్పుకు ముప్పై ఎందుకు? 75 గ్రాముల కందిపప్పు పది రూపాయలు. టమాటాలో తోటకూరో వేసి కుక్కర్ పెడితే అదే ఉడుకుతుంది, తాలింపుకు మూడు నిమిషాలు. చారు కూడా అంతే. కర్రీ పాయింట్ చారు తొంభై శాతం నీళ్లు, ఆ నీళ్లకు డబ్బు కడుతున్నాం. బంగాళాదుంప కూరా కొనాల్సిన పనిలేదు. కుక్కర్‌లో పప్పు గిన్నె మీద నాలుగు దుంపలు పెడితే చాలు.

సాంబారు మాత్రం మినహాయింపు. ఇద్దరికి సాంబారు పెట్టాలంటే ములక్కాడ, సొరకాయ, ముల్లంగి, చిన్నుల్లి తలా కాస్త తేవాలి. మిగిలిన కూరగాయలు ఫ్రిజ్‌లో వడలిపోతాయి. దీన్ని కవరు కొనడమే చవక.

పరిమాణం గురించి ముందే తెలుసుకోవాలి. కూర ప్యాకెట్ సాధారణంగా 200 నుంచి 250 గ్రాములు. ఇద్దరికి ఒక పూటకు బొటాబొటిగా సరిపోతుంది. వేపుడు అదే ధరకు 100 నుంచి 150 గ్రాములే వస్తుంది. వేగాక తూకం తగ్గుతుంది కాబట్టి అది మోసమేమీ కాదు. కానీ బరువు చూడకుండా గరిటెతో కొలిచి వేసే దుకాణాల్లో పులుసు కూరలతో జాగ్రత్త. రెండు ముక్కలు, మిగతాదంతా రసం వస్తుంది. గిన్నె అడుగు నుంచి కలిపి వేయమని అడగండి, ఎవరూ కాదనరు.

పాచి కూర సమస్య ఉంది. చాలా దుకాణాల్లో పదకొండింటి నుంచి మూడింటి దాకా ఒక బేరం, ఆరున్నర నుంచి పదింటి దాకా మరో బేరం. మధ్యాహ్నం మిగిలింది సాయంత్రం ఏమవుతుందన్నది దుకాణం నీతిని బట్టి. మళ్లీ తాలింపు వేసి, పైన పచ్చి కొత్తిమీర చల్లి పెట్టేవాళ్లు ఉన్నారు. దాన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. పైన కొత్తిమీర పచ్చగా నవనవలాడుతుంటుంది, కింద కరివేపాకు మాత్రం నల్లబడి మెత్తబడి ఉంటుంది. కూర నుంచి నూనె విడిపోయి అంచుల్లో మడుగు కడుతుంది. బంగాళాదుంప ముక్కల కోణాలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, వంకాయ తొక్క ముడతలు పడి గుజ్జు నుంచి ఊడి ఉంటుంది. పప్పయితే పైన తోలు కడుతుంది. గరిటెతో లేపినప్పుడు సన్నగా తీగలు సాగితే ఆ పప్పు వైపు చూడకండి. సాంబారులో ములక్కాడలు చీలి పీచుపీచుగా తేలుతుంటే అది మూడోసారి మరుగుతోందని అర్థం.

ఇంకో గుర్తు గిన్నె మట్టం. రాత్రి ఎనిమిదిన్నరకు మిగతా గిన్నెలు దాదాపు ఖాళీ అయి ఉండగా ఒక్కటి నిండుగా కనిపిస్తే రెండే కారణాలు. ఇప్పుడే వండి దించారు, లేదా పొద్దుట్నుంచీ ఎవరూ కొనలేదు. ఆవిరి వస్తోందో లేదో చూస్తే తేలిపోతుంది. వేడి కూరను 60 డిగ్రీల పైన ఉంచాలన్నది ఆహార భద్రతలో మొదటి పాఠం. ఆ కింద, ముఖ్యంగా గోరువెచ్చగా, సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. గిన్నెల కింద వేడినీళ్ల తొట్టి గానీ సన్న మంట గానీ ఉన్న దుకాణాన్ని ఎంచుకోవడానికి ఇదొక్క కారణం చాలు. ఎంచక్కా ఏడు నుంచి ఎనిమిదిలోపు వెళ్తే సగం గొడవ ఉండదు. ఆలస్యమయ్యేవాళ్లు ఫోన్ చేసి రెండు ప్యాకెట్లు పక్కన పెట్టించుకోవచ్చు. రోజూ వచ్చే మొహానికి ఆ మర్యాద దొరుకుతుంది. తొమ్మిదిన్నర తర్వాత వెళ్లక తప్పకపోతే పుల్లటివే తీసుకోండి. బెండకాయ పులుసు, గోంగూర పప్పు, పులుపు వల్ల కాస్త ఆగుతాయి. కొబ్బరి వేసినవి, పాలు పోసి వండినవి, పెరుగు పచ్చళ్లు ఆ వేళకు వద్దు.

వేపుళ్ల నూనె సంగతి వేరే చెప్పాలి. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే నూనె పాడయ్యేకొద్దీ అందులో పెరిగేవి, 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. కౌంటర్ దగ్గర ఎవరూ పరీక్ష చేయలేరు గానీ ముక్కు చేస్తుంది. వేపుడు నోట్లో పెట్టుకున్నాక గొంతులో గరగర, వేళ్లకు జిగురు, పాత డబ్బా వాసన వచ్చాయంటే ఆ దుకాణంలో వేపుడు మానేసి ఇగురు కూరలే కొనాలి. ఆకుకూర పప్పు మరీ పచ్చగా, పప్పు మరీ మెత్తగా, నోట్లో కాస్త సబ్బు రుచి తగిలితే వంటసోడా పడిందన్నమాట. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు గోడ మీద ఉందా లేదా అన్నది కూడా చూడండి. చిన్న దుకాణాలకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

డబ్బా తీసుకెళ్లండి. ఇది పర్యావరణ ఉపన్యాసం కాదు, రుచి కోసమే. పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోసి బిగిస్తే పావుగంటకు ఆ కవరు వాసన సాంబారుకు పడుతుంది. వేపుడైతే ఆవిరి పట్టి మెత్తబడుతుంది. బండి హ్యాండిల్‌కు తగిలించిన కవరు స్పీడ్ బ్రేకర్ దగ్గర పగిలితే కాలు కాలుతుంది కూడా. అరలీటరు స్టీలు డబ్బాలు రెండు, లీటరు డబ్బా ఒకటి బ్యాగులో ఉంటే చాలు. ఖాళీ డబ్బాను ముందు కాటా మీద పెట్టించి సున్నా చేయించుకోండి, లేకపోతే డబ్బా బరువుకు కూడా డబ్బు కట్టాల్సి వస్తుంది. డబ్బా మరిచిపోయిన రోజు ఇల్లు చేరగానే కవరు విప్పి గిన్నెలోకి మార్చాలి. తినేదాకా కవర్లోనే ఉంచడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఒక్కసారే, పొగలు వచ్చేదాకా కాచి తినాలి. బయట వదిలేసిన అన్నం కూరకన్నా ప్రమాదం. దాన్ని మళ్లీ వేడి చేసినా పోని విషం పుట్టే అవకాశం ఉంది.

తీరిక లేని ఇళ్లలో కర్రీ పాయింట్ ఖర్చు ఎక్కడ జారుతుందంటే, ఖరీదులో కాదు, ఒక్క ప్యాకెట్ ఎక్కువలో. ఆకలి మీద కౌంటర్ ముందు నిలబడితే ఆయనకు వేపుడు, ఈవిడకు పులుసు, పిల్లాడికి ఆలూ, ఎందుకైనా మంచిదని సాంబారు. ముగ్గురికి నాలుగు ప్యాకెట్లు. విడివిడిగా నలభై నలభై కాబట్టి మనసుకు గుచ్చుకోదు. సగం సగం మిగిలి ఫ్రిజ్‌లో చేరతాయి, ఆదివారం చెత్తబుట్టలో పడతాయి. వారానికి నాలుగు ప్యాకెట్లు పారేస్తే నెలకు 640 రూపాయలు. ఇంట్లో వండకుండా కర్రీ పాయింట్‌కు అదనంగా పెడుతున్న 770కి దాదాపు సమానంగా ఇంకోసారి పోయినట్టే.

దీనికి ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. యూపీఐ లైట్‌లో, అంటే ఫోన్‌లోని యూపీఐ యాప్‌లోనే చిన్న చెల్లింపుల కోసం ఉండే విడి పర్సులో, నెల మొదట్లో 1,500 వేసుకుని దాన్ని కూరల దుకాణానికే వాడడం. లైట్ ఖాతాలో గరిష్ఠంగా 5,000 దాకా, ఒక్కో చెల్లింపుకు 1,000 దాకా అనుమతి ఉంది, పిన్ నొక్కే పనిలేదు. నిండుకున్నప్పుడు అదే చెబుతుంది. కాకపోతే ఆటో టాప్-అప్ ఆపేయాలి. అది పెట్టుకుంటే డబ్బు తనంతట తానే నిండుతూ ఉంటుంది, ఎంత పోయిందో మళ్లీ తెలియదు. ఇరవైవ తేదీకే 1,500 అయిపోయిందంటే ప్యాకెట్లు ఎక్కువ కొంటున్నారని అర్థం.

మనుషుల సంగతికి వస్తే, యాప్ భోజనానికీ దీనికీ అసలు తేడా ఇక్కడుంది. యాప్‌లో వచ్చేది ఎవరి డబ్బా వాళ్లది. ఒకరికి బిర్యానీ, ఒకరికి నూడిల్స్. రెండు వేర్వేరు వేళలకు వస్తాయి, ఎవరిది వాళ్లు మంచం మీద తినేస్తారు. కర్రీ పాయింట్ కూర గిన్నెలోకి వస్తుంది. కుక్కర్ అన్నం ఒక్కటే ఉంటుంది. వడ్డించుకోవాలి, లేటుగా వచ్చేవాళ్లకు తీసిపెట్టాలి. బ్యాచిలర్ గదుల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ముందొచ్చినవాడు బియ్యం కడిగి పెట్టడం, చివర వచ్చేవాడు కూరలు తేవడం అనే ఒప్పందం మీదే నడుస్తున్న గదులు ఎన్నో. నలుగురికి అరకిలో బియ్యం, రెండు కూరలు, ఒక సాంబారు. తలా ముప్పై అయిదు, నలభై రూపాయల్లో రాత్రి భోజనం ముగుస్తుంది.

బంధువుల రాకపోకలు తగ్గిపోవడానికి అందరూ చెప్పే కారణం తీరిక లేదని. నిజానికి తీరికకంటే వంట భయమే ఎక్కువ. "అన్నయ్యా, ఈ పక్కకు వచ్చాం, ఒకసారి చూసి వెళ్దామని" అని మంగళవారం సాయంత్రం ఫోన్ వస్తే, రమ్మనడానికి నోరు రాక కాఫీతో సరిపెట్టేస్తారు, లేదంటే రెండు వేలు వదిలించుకుని హోటల్‌కు తీసుకెళ్తారు. వీధి చివర మంచి కర్రీ పాయింట్ ఉన్నవాళ్లు "భోంచేసి వెళ్లండి" అని ధైర్యంగా అనగలరు. నలుగురు పెద్దవాళ్లు అదనంగా వస్తే రెండు వేపుళ్లు, రెండు ఇగురు కూరలు, రెండు సాంబార్లు, అరకిలో పెరుగు. 300 రూపాయలు దాటదు.

"బయట కూరలు పెట్టారు" అన్న మాట వస్తుందేమోనన్న బెంగ ఇంకా పోలేదు, ముఖ్యంగా వియ్యాలవారి దగ్గర. అందుకు విరుగుడు ఒకటే. ఒక్క వంటకమైనా ఇంటిది ఉండాలి. పప్పు మీరే చేయండి, పొగలు కక్కే అన్నం, నెయ్యి, ఇంటి ఆవకాయ, వేడివేడిగా వేయించిన అప్పడాలో వడియాలో పెట్టండి. కొన్న వేపుడును కడాయిలో రెండు నిమిషాలు తిప్పి గుప్పెడు వేరుశెనగలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేస్తే కరకర తిరిగొస్తుంది. కొన్న సాంబారులో ఇంటి ఇంగువ తాలింపు పడితే ఇల్లంతా ఇప్పుడే వండినట్టు వాసన. దాచాల్సిన అవసరం లేదు, అడిగితే చెప్పేయండి. వచ్చినవాళ్ల ఇంట్లోనూ అదే జరుగుతూ ఉంటుంది.

పదిమంది దాటితే ప్యాకెట్లు కొనకూడదు, ముందురోజే కిలోల లెక్కన చెప్పాలి. పదిమందికి బియ్యం కిలోంబావు, పప్పు కిలోన్నర, ఇగురు కూర కిలోన్నర, వేపుడు ఒక కిలో, సాంబారు రెండు లీటర్లు, పెరుగు కిలోన్నర. గిన్నెలు మీవే ఇచ్చి, ఫలానా టైముకు పొయ్యి మీద నుంచి దించగానే నింపమని చెబితే అదే దుకాణం కూర రోజూ తినేదానికంటే బాగుంటుంది, ధరా తగ్గుతుంది. కారం తగ్గించమని అప్పుడే చెప్పాలి. రోజువారీ గిన్నెలో కారాన్ని ఎవరూ మార్చలేరు.

ఎవరికి పనికిరాదు? బీపీ ఉన్నవాళ్లకు రోజూ వద్దు. ఉప్పు, నూనె ఇంటివంట కన్నా కచ్చితంగా ఎక్కువ. పైన తేలే నూనెను వంపేసినా ఉప్పును తీయలేం. మూడేళ్లలోపు పిల్లలకు ఈ కారం పడదు. ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లు అడిగి తెలుసుకోవాలి. అవి వేసిన కూరలో పెట్టిన గరిటెనే వేయని కూరలోనూ పెడుతుంటారు. రాత్రి పదకొండింటికి షిఫ్టు దిగేవాళ్లకు తాజా కూర దొరకదు. వాళ్లు మధ్యాహ్నం బయల్దేరేటప్పుడే కొని ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లడం మేలు.

సంక్రాంతికి మాత్రం దీని మీద ఆధారపడొద్దు. వండేవాళ్లూ, కౌంటర్‌లో కుర్రాళ్లూ అందరూ ఊళ్లకు వెళ్తారు. హైదరాబాద్‌లో చాలా దుకాణాలు మూడు నాలుగు రోజులు మూసే ఉంటాయి, తెరిచిన ఒకటి రెండింటి దగ్గర క్యూ, ధర కూడా ఎక్కువే. ఊరెళ్లకుండా ఇక్కడే ఉండిపోయేవాళ్లు భోగికి రెండు రోజుల ముందే కందిపొడి, ఒక రోటి పచ్చడి, డజను గుడ్లు ఇంట్లో పెట్టుకోవాలి.